ఎడమ చెవి కాగితాలు

మార్చి 3, సోమవారం

మందుల కంపెనీ అమ్మాయి జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. రెండు నెలలు టీ కప్పు కింద పెట్టుకున్నాను. ఇవాళ తెరవాల్సి వచ్చింది. మనసులో మాట ఆస్పత్రిలో అందామంటే గోడలకి చెవులుంటాయి, ఇంట్లో అందామంటే ఈయన నవ్వుతారు. కాగితానికి చెవులూ లేవు, నవ్వూ రాదు.

సంగతేమిటంటే, మా చెవి ముక్కు గొంతు విభాగంలో ఆపరేషన్లు నేర్చుకునే పిల్లలకి పాఠ్యపుస్తకం మళ్ళీ ఎంపిక చెయ్యాలి. మూడు పుస్తకాలు చూసి, ఒకటి ఎంచి, ఎందుకు ఎంచామో ఫారం నింపి ఈ నెల ముప్పై ఒకటికల్లా ఇవ్వాలి. మా హెడ్డు ఆ పని నా నెత్తిన పెట్టాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, టాన్సిల్స్ తియ్యడం నా దగ్గరే నేర్చుకున్నాడు. "మీరైతే ఎవరూ వంక పెట్టరు మేడమ్" అన్నాడు. అంటే తిట్లన్నీ నాకే వస్తాయని.

మూడింట్లో ఒకటి మాస్టారు రాసింది. ముప్పై అయిదేళ్ళుగా ఇక్కడ అదే పాఠ్యపుస్తకం. నేను చదువుకున్నదీ, నేను పాఠం చెప్పేదీ అదే. ఇప్పుడు మేం తప్ప దాన్ని వాడేవాళ్ళు పెద్దగా లేరు. కొత్త ముద్రణ వెయ్యాలా వద్దా అని ప్రచురణకర్త మా ఫారం కోసం కాచుకుని ఉన్నాడు. మేం వద్దంటే ఆ పుస్తకం అక్కడితో ఆఖరు. మాస్టారికి ఎనభై నాలుగేళ్ళు. నాకు చెవి ఎముక తొలిచే డ్రిల్లు పట్టుకోవడం నేర్పింది ఆయన.

నేను పక్షపాతం చూపించను. ముందే రాసి పెట్టుకుంటున్నాను.

మార్చి 4, మంగళవారం

మూడు పుస్తకాలకీ ముద్దుపేర్లు పెట్టాను. అసలు పేర్లు పలకాలంటే నాలుక మడత పడుతోంది.

మాస్టారిది నీలం. అట్ట రంగు అది, విభాగంలో అందరూ ఎప్పట్నుంచో అనే పేరే.

రెండోది గుదిబండ. రెండు సంపుటాలు. అందులో అన్నీ ఉన్నాయి, కావలసింది తప్ప.

మూడోది బొమ్మల పుస్తకం. కొత్తగా వచ్చింది. వాక్యాలు టెలిగ్రాముల్లా ఉన్నాయి. కోయుము, కడుగుము, చూడుము. ప్రతి బొమ్మా రెండేసి సార్లు వేశారు, కుడి చెవికి ఒకటి, ఎడమ చెవికి ఒకటి. కాగితం దండగ.

నీలంలో వాక్యం అంటే వాక్యం. "రక్తం కనిపిస్తే చెయ్యి ఆపి, దూది అద్ది, వంద దాకా లెక్కపెట్టు. రోగి కోసం కాదు, నీ కోసం." ఇప్పటికీ లెక్కపెడతాను. ఇన్నేళ్ళలో నూటొకటి దాకా వెళ్ళాల్సిన అవసరం ఎప్పుడో గానీ రాలేదు.

మార్చి 6, గురువారం

పది అంశాలు రాసుకున్నాను, ఒక్కోదానికి పది మార్కులు. నీలం 64, గుదిబండ 58, బొమ్మల పుస్తకం 71.

మళ్ళీ చూస్తే "కాలపరీక్షకు నిలిచినది" అనే అంశం రాయడమే మర్చిపోయాను. చేర్చాను. నీలానికి పదికి పది, బొమ్మల పుస్తకానికి ఒకటి. ఇప్పుడు నీలం 74, బొమ్మల పుస్తకం 72.

న్యాయంగానే ఉంది.

మార్చి 8, శనివారం

మా విభాగంలో నాకు బాగా ఇష్టమైన చోటు ఎముకల గది. నాలుగు బల్లలు, ఒక్కో బల్లకి ఒక మైక్రోస్కోపు, ఒక డ్రిల్లు, సన్నగా నీళ్ళు కారే గొట్టం. దేహదానం చేసినవాళ్ళ చెవి ఎముకల మీద పిల్లలు ఇక్కడ పని నేర్చుకుంటారు. మొదలుపెట్టే ముందు అందరం ఒక నిమిషం మాట్లాడకుండా నిలబడతాం. మాస్టారు పెట్టిన అలవాటు అది. ప్రతి బల్ల పక్కనా పుస్తకం స్టాండు, దాని మీద నీలం తెరిచి ఉంటుంది. నీళ్ళ తుంపర పడి పేజీలన్నీ అప్పడాల్లా అయిపోయాయి.

ఈ ఏడాది నలుగురిలో ఒకమ్మాయికి గుసగుస అని పేరు పెట్టాను. మాట అంత మెల్లగా ఉంటుంది. రేపు చెవి డాక్టరయ్యాక రోగులందరికీ చెవుడని రాసేస్తుందేమో. కానీ చెయ్యి బంగారం. కుడి చెవి ఎముక ఇస్తే పొర మీద పొర తీస్తూ వెళ్ళి నరం దగ్గర ఠక్కున ఆగుతుంది. చెవి వెనక ఎముకలోంచి ముఖానికి వెళ్ళే నరం అది, లావుపాటి దారమంత. దాన్ని కాపాడుకోవడమే ఈ చదువులో సగం.

ఇవాళ ఎడమ చెవి ఎముక ఇచ్చాను. పావుగంటలో నరం తెగింది. పోయిన నెలలో కూడా ఇలాగే, ఎడమదే.

"ఇది మనిషై ఉంటే?" అన్నాను.

"మూతి వంకర పోయేది మేడమ్."

"ఎవరిది?"

"రోగిది."

"మనిద్దరిదీ కూడా" అన్నాను. తక్కిన ముగ్గురూ నవ్వబోయి నా ముఖం చూసి మానుకున్నారు. వాళ్ళ ఎడమ ఎముకలు కూడా గొప్పగా ఏం లేవు.

మార్చి 9, ఆదివారం

ఇవాళ నవ్వి నవ్వి కడుపు నొప్పొచ్చింది.

మా ఇంటి కింది అంతస్తే ఈయన దర్జీ షాపు. ఈయన బట్టలు కుడతారు, నేను మనుషుల్ని కుడతాను. కుట్టు ఎవరిది సన్నగా ఉంటుందన్న పోటీ పెళ్ళయిన నాటి నుంచీ తేలలేదు. అంత పనివాడు ఇవాళ ఒక పెద్దమనిషి కోటుకి రెండూ కుడి చేతులే కత్తిరించి పెట్టారు. చేతికి కాగితం నమూనా ఒక్కటే ఉంటుంది. ఒక చెయ్యి గీశాక ఆ కాగితాన్ని తిరగేసి రెండోది గీసుకోవాలి. పనిలో కొత్తగా చేరినవాళ్ళు చేసే పొరపాటు.

"చెయ్యి వణికిందా ఏమిటండీ, మా దగ్గరికి రావాల్సిన వయసొచ్చిందా?" అన్నాను.

"చేతికేం, దుక్కలా ఉంది. కాగితం తిరగెయ్యలేదు, అంతే" అన్నారాయన. "తప్పు కాగితం దగ్గర జరిగితే చేతిని తిట్టి ఏం లాభం?"

ఆ గుడ్డ ఇంకో గజం ఉంది కాబట్టి పరువు దక్కింది. రెండు కుడి చేతుల్నీ మేకుకి వేలాడదీశారు, ఎవరైనా రెండు కుడి చేతులున్నాయన వస్తే ఇద్దామని.

పుస్తకాల పని చూసుకోకుండా కోటు గురించి ఇంత రాశానేమిటి.

మార్చి 11, మంగళవారం

గుసగుస నా గదికి వచ్చింది. నిలబడి, చాలాసేపు చేతులు నలుపుకుని, "మేడమ్, నీలంలో బొమ్మలన్నీ కుడి చెవివే ఉన్నాయి" అంది. రెండోసారి చెప్పిస్తే గానీ వినపడలేదు.

"అయితే?"

"కుడి చెవిలో ముక్కు వైపు అంటే బొమ్మలో కుడి పక్క. ఎడమ ఎముక పెట్టుకుంటే అది ఎడమ పక్కకి వస్తుంది. బొమ్మ చూసి ఎముక చూసేసరికి నాకు తిరగబడిపోతోంది. నరం ఇటు ఉందనుకుని చెయ్యి అటు పోతోంది. ఆ కొత్త పుస్తకంలో రెండూ ఉన్నాయట కదా..."

నాకు ముక్కు మీద కోపం. చదివింది కూడా అదే కదా అంటారు ఈయన. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ముప్పై అయిదేళ్ళుగా ఎంతమంది చదివారమ్మా దాన్ని? నేను చదవలేదూ? నాకు తిరగబడలేదే?" అన్నాను.

ఆ పిల్ల తలుపు కూడా చప్పుడు కాకుండా వేసుకుని వెళ్ళింది.

మార్చి 12, బుధవారం

నేనన్న దాంట్లో తప్పేం లేదు.

మార్చి 13, గురువారం

గుసగుస ఎముకల గదికి రాలేదు. జలుబట. మా దగ్గర జలుబని సాకు చెప్పాలంటే గుండెధైర్యం కావాలి.

తప్పేం లేదు.

మార్చి 14, శుక్రవారం

హెడ్డు ఒక ఉత్తరం తెచ్చి నా ముందు పెట్టాడు. "నా చెయ్యి శస్త్రచికిత్సకు తగదని తెలుసుకున్నాను. వేరే శాఖకు మారేందుకు అనుమతించగలరు." కింద గుసగుస సంతకం. చూస్తే సంతకం కూడా గుసగుసలాడుతున్నట్టే ఉంది.

"మంచి చెయ్యి అన్నారు కదా మేడమ్?" అన్నాడు హెడ్డు.

"మంచిదే."

"మరి?"

"నెలాఖరు దాకా నీ సొరుగులో ఉంచు" అన్నాను. అలాగేనని తీసుకెళ్ళాడు.

ఆ పిల్లని కూర్చోబెట్టి నీలం ఎలా చదవాలో నేనే చూపించాలి. చదవడం రాక కదా ఈ గొడవంతా. నా సొంత ప్రతి ఇంట్లో ఎక్కడో ఉంది, మార్జిన్ల నిండా నా రాతలతో. అది చూస్తే బుద్ధొస్తుంది.

మార్చి 16, ఆదివారం

బుద్ధొచ్చింది. ఎవరికి రావాలో వాళ్ళకే.

భోజనాలయ్యాక అలమారా పైనున్న పెట్టె దింపించాను. నీలం అడుగున ఉంది, అట్ట వెలిసిపోయి. తెరవగానే ఒడిలోకి కాగితాలు జారిపడ్డాయి. గోధుమరంగు పల్చటి కాగితాలు, దర్జీలు నమూనాలు కత్తిరించుకునే రకం. మొత్తం పద్దెనిమిది. నీలంలో చెవి బొమ్మలు కూడా సరిగ్గా పద్దెనిమిదే. ఒక్కో కాగితం మీదా ఒక్కో బొమ్మ, సన్నటి చిల్లుల గీతతో ఎత్తి, తిరగేసి, పెన్సిలుతో దిద్ది ఉంది. దర్జీలు గీతల మీద నడిపే చిన్న పళ్ళ చక్రం ఉంటుంది, ఆ చిల్లులు దానివి. ప్రతి కాగితం పైనా మూలన "ఎడమ" అని రాసి ఉంది.

ఆ రాత నాది కాదు. "డ" కింద అంత పెద్ద తోక నేనెప్పుడూ పెట్టను.

కిందికి దిగి షాపులోకి వెళ్ళాను. ఈయన ఆదివారం కూడా ఆ కోటుతోనే కుస్తీ పడుతున్నారు. కాగితాలు బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు పైకెత్తి చూశారు.

"ఓ, ఇవా. ఇంకా ఉంచావా?" అన్నారు.

పెళ్ళయిన మొదటి ఏడాది సంగతి. నాలుగు ఎడమ ఎముకలు పాడుచేశాను. మాస్టారు ఇంకొకటి పాడైతే నన్ను వార్డు పనికి పంపేస్తానన్నారు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఈ బల్ల ముందే, అప్పటికి షాపు అంటే ఈ ఒక్క గదే, నీలం ముందు పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను. "ఇదేముంది, చొక్కా చెయ్యే కదా" అని ఈయన కాగితం తీసుకున్నారు. వరసగా ఆరు ఆదివారాలు పట్టింది. ఎడమ ఎముక రోజున ఆ కాగితాలు ముందు ఇంట్లో కంఠతా పట్టి, ఒకటి తెల్ల కోటు లోపలి జేబులో పెట్టుకుని వెళ్ళేదాన్ని.

ఇదంతా నేను మర్చిపోయాను. ఎలా మర్చిపోయానో నాకే తెలీడం లేదు. ఇన్నేళ్ళూ ఒక్క నీలం చదివే నేర్చుకున్నానని వందలమందికి చెప్పాను, నమ్మాను కూడా.

"మీకు గుర్తుందా?" అన్నాను.

"గుర్తు లేకేం. నువ్వు మర్చిపోయావని కూడా తెలుసు."

"ఒక్కసారైనా అనలేదే?"

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా డాక్టరమ్మా" అన్నారు, సూదిలో దారం ఎక్కిస్తూ. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మార్చి 18, మంగళవారం

గుసగుసని పిలిపించాను. "నీ చెయ్యి బాగానే ఉంది. తప్పు నాది" అన్నాను. ఆ పిల్ల నన్ను అనుమానంగా చూసింది, జ్వరంగానీ ఉందేమోనని.

నీలం స్టాండు మీద పెట్టి, బొమ్మ మీద గోధుమరంగు కాగితం కప్పి, ఎడమ చెవి ఎముక ఇచ్చాను. పక్కన కూర్చున్నాను. ఒకచోట ఎముక పొడి ముద్దకట్టి చూపు ఆనకపోతే డ్రిల్లు ఆపింది. పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది. వంద దాకా పెట్టి మళ్ళీ మొదలుపెట్టింది.

నలభై నిమిషాలకి నరం బయటపడింది, తెల్లగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఎక్కడా గీరుకుపోకుండా. "మేడమ్" అంది, మొదటిసారి అందరికీ వినపడేలాగ. తక్కిన ముగ్గురూ వచ్చి మైక్రోస్కోపులో వంతులవారీగా చూశారు. చూశాక ముగ్గురూ కాగితాలు అడిగారు.

"ఎవరు గీశారు మేడమ్ ఇవి?"

"మా ఆయన."

"సార్ కూడా చెవి సర్జనేనా?"

"దర్జీ" అన్నాను. అంత తేలిగ్గా చెప్పేశానేమిటా అని ఇంటికొచ్చాక ఆశ్చర్యపోయాను.

ఇవాళ చాలా సంతోషంగా ఉంది. ఇక మిగిలింది మాస్టారికి చెప్పడం. నీలం పనికిరాదని కాదు, సగం చెవులకే పనికొస్తుందని చెప్పాలి. సగం చెవుల పుస్తకాన్ని పిల్లల చేతిలో పెట్టలేను.

మార్చి 19, బుధవారం

మాస్టారి దగ్గరికి వెళ్ళలేదు. ఓపీ ఎక్కువగా ఉంది.

మార్చి 20, గురువారం

వెళ్ళలేదు. వాన.

మార్చి 21, శుక్రవారం

వాన లేదు. వెళ్ళలేదు.

మార్చి 23, ఆదివారం

వెళ్ళాను. ఈయనే పంపించారు. "చెవిటివాడి ముందు శంఖం ఊదడానికి ఇంత భయమెందుకు, ఆయనకెలాగూ సగం వినపడదు" అన్నారు.

నిజంగానే మాస్టారికి ఎడమ చెవి వినపడదు. వేలమందికి వినికిడి మిషన్ రాసిన మనిషి, తనది మాత్రం కళ్ళజోడు పెట్టెలో దాచుకుంటారు. వాళ్ళావిడని నేను అమ్మగారూ అంటాను. టీ ఇస్తూ, "నువ్వైనా చెప్పవే, పెట్టుకుంటే ముసలివారైపోతారట" అన్నారు.

మాస్టారి కుడి పక్కకి కుర్చీ జరుపుకుని మొత్తం చెప్పాను. గుసగుస సంగతి, మార్కుల్లో నేను చేసిన మాయ, కాగితాల సంగతి. కాగితాలు ఆయన ఒళ్ళో పెట్టాను. ఒక్కొక్కటే కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని చూశారు. టీ చల్లారిపోయింది.

"నా దగ్గర ఉన్నది ఒక్కటే ఎముక" అన్నారు చివరికి. "కుడిది. బొమ్మలు గీసినాయన దాన్నే చూసి గీశాడు. ఎడమది దొరికాక అవి కూడా వేయిద్దామనుకున్నా. దొరికింది కూడా. రెండో ముద్రణప్పుడు."

"మరి ఎందుకు వేయించలేదు మాస్టారూ?"

ఆయన నన్ను వింతగా చూశారు. కోపం లేదు ఆ చూపులో. "నిన్నడిగానమ్మా. వరండాలో, అందరి ముందూ. ఎడమ చెవి బొమ్మలు కూడా ఉండాలా అని. అక్కర్లేదు మాస్టారూ, ఉన్న బొమ్మ చాలు, నాకేం ఇబ్బంది కాలేదు అన్నావు. నా దగ్గర నేర్చుకున్న వాళ్ళలో నీ అంత బాగా ఎడమ చెవి చేసినవాళ్ళు ఇంకొకరు లేరు. నీ మాటే నమ్మాను."

అలా అన్నట్టు నాకు గుర్తు లేదు.

మార్చి 24, సోమవారం

గుర్తుంది.

మార్చి 25, మంగళవారం

వరండాలో ఏడెనిమిది మంది ఉన్నారు. ఆయన అడిగినప్పుడు కోటు లోపలి జేబులో ఆ కాగితం ఉంది. అది తీసి "ఇదిగో ఇలాంటివి కావాలి" అనాల్సిన క్షణం. "డాక్టరు దర్జీని చేసుకుందట" అని చెవులు కొరుక్కునే జనం వాళ్ళంతా. దర్జీ దగ్గర పాఠం నేర్చుకుందట అని కూడా అనుకుంటారని, అక్కర్లేదు మాస్టారూ అన్నాను. మాస్టారు అందరి ముందూ నా భుజం తట్టారు. అది మాత్రం ఎప్పుడూ మర్చిపోలేదు. దాని ముందున్నదే మర్చిపోయాను.

ఆ తరవాత వచ్చిన వాళ్ళందరూ తంటాలు పడే నేర్చుకున్నారు. పక్కనే ఉండి చెయ్యి పట్టుకుని నేర్పాం కాబట్టి రోగులకి ఏ హానీ జరగలేదు, అంతవరకు నయం. కొంతమంది చెవులు మానేసి ముక్కుకీ గొంతుకీ వెళ్ళిపోయారు. ఎందుకని ఒక్కరినీ అడగలేదు.

ఇవాళ హెడ్డుకి చెప్పాను. "నేను ముక్కు వైపు ఎందుకు వెళ్ళాననుకున్నారు మేడమ్? నా చేతికి చెవి పడదని మీరే అన్నారు" అన్నాడు.

తప్పు నాది, క్షమించు అన్నాను. నాకంటే చిన్నవాళ్ళతో ఆ మాట అనడం ఈ నెలలో రెండోసారి. అలవాటైతే అంత కష్టం లేదు.

మార్చి 27, గురువారం

సాయంత్రం షాపు ముందు ఆటో ఆగింది. మాస్టారు దిగారు, చెవికి మిషన్ పెట్టుకుని.

ఈయన ముప్పై ఏళ్ళుగా మాస్టారికి తెల్ల కోట్లు కుడుతున్నారు. "దర్జీగారూ, చంక దగ్గర బిగుతైంది" తప్ప ఇద్దరి మధ్యా ఇంకో మాట నడిచింది లేదు. ఇవాళ మాస్టారు కత్తిరింపుల బల్ల ముందు స్టూలు మీద కూర్చుని కాగితాలు పరిచారు.

"ఈ వంపు ఇలా ఎందుకు తిప్పారు? నా బొమ్మలో ఇంత గుండ్రంగా లేదే" అన్నారు.

"మీ బొమ్మలో అక్కడ గీత రెండు ముక్కలైందండీ. గుడ్డయితే అక్కడ ముడత పడుతుంది. లోపల ఏముంటుందో నాకు తెలీదు గానీ, ఏదున్నా ముడత పడకూడదు కదా అని కలిపాను."

మాస్టారు జేబులోంచి ఎముక తీశారు. అదే ఎముక, ఆ కుడిది. బొమ్మ పక్కన పెట్టుకుని, తిప్పి తిప్పి చూశారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ముఖ నరం వంపు తిరిగేది సరిగ్గా అక్కడే.

"మీరే కరెక్టు" అన్నారు మాస్టారు. "ఇన్ని ముద్రణల్లో ఒక్కరూ చెప్పలేదు."

"నన్నెవరూ అడగలేదండీ" అన్నారు ఈయన మామూలుగా. ఆ మాట మాస్టారితో అన్నారు. తగిలింది నాకు.

వెళ్ళేముందు మాస్టారు నాతో, "నీలం ఆపెయ్యమని ప్రచురణకర్తకి నేనే రాస్తాను. నీ ఫారంలో మొహమాటపడకు. మొదటి అధ్యాయం ఒక్కటి విడిగా అచ్చు వేసి పిల్లలకివ్వండి, అందులో బొమ్మలు లేవు" అన్నారు. చెయ్యి ఎలా కడుక్కోవాలి, ఎముక ఇచ్చినవాళ్ళ కోసం ఎందుకు నిలబడాలి, వంద దాకా ఎందుకు లెక్కపెట్టాలి, అదీ ఆ అధ్యాయం. అచ్చు వేయిస్తానన్నాను. ఏడుస్తానేమో అనుకున్నాను గానీ ఏడవలేదు. ఆయన ఆటో ఎక్కుతుంటే ఎడమ వైపు నుంచి "జాగ్రత్త మాస్టారూ" అన్నాను. వెనక్కి తిరిగి చెయ్యి ఊపారు.

మార్చి 28, శుక్రవారం

గుసగుస తన ఉత్తరం వెనక్కి తీసుకుంది. హెడ్డు వచ్చే వారం నుంచి సాయంత్రాలు ఎముకల గదికి వస్తాడట, ఎడమ ఎముక కావాలట. పిల్లలు చూడకుండా ఉండేలా ఆరింటికి వస్తానన్నాడు. ఏం అక్కర్లేదు, పిల్లల మధ్యే కూర్చో అన్నాను.

మార్చి 31, సోమవారం

ఫారం నింపాను. ఎంపికైన పుస్తకం: బొమ్మల పుస్తకం. పక్కన నీలం మొదటి అధ్యాయం. కారణాలు రాయమని ఇచ్చిన పేజీలో కాగితాల సంగతి మొత్తం రాశాను, వరండాలో నేనన్న మాటతో సహా. మార్కుల పట్టీలోంచి కాలపరీక్ష కొట్టేశాను.

చివర ఒక గడి ఉంది. "ఎంపికలో సలహా ఇచ్చినవారి పేరు, వృత్తి." ఈయన పేరు రాశాను. వృత్తి దగ్గర దర్జీ అని రాశాను.

కిందికి తీసుకెళ్ళి చూపించాను. ఈయన కోటు మీద గీతలు గీస్తున్నారు. కళ్ళజోడు సర్దుకుని గడి దగ్గర వేలు పెట్టి, ఒక్కో అక్షరం చదివారు. చాలాసేపు చదివారు. మూడే మాటలున్నాయి అక్కడ.

"మా ఇంటిపేరు సరిగ్గానే రాశావే" అన్నారు. గొంతు కొంచెం తేడాగా ఉంది. ముప్పై మూడేళ్ళుగా గొంతులు వింటున్నాను, తేడా నాకు తెలుస్తుంది.

ఫారం తిరిగిచ్చాక చూస్తే ఆయన పేరు పక్కన నీలం చాక్ వేలిముద్ర పడింది, బొటనవేలు మొత్తం. కొత్త ఫారం తీసుకుని మళ్ళీ రాద్దామా అనుకున్నాను.

రాయలేదు. అలాగే పంపించాను.